ఒక్క తెర మీద గెలిచిన ఎడ్లు

కారంపూడిలో జరిగిన బండలాగుడు పోటీకి వెబ్‌పేజీ తయారు చేసింది నేనే. సరే, తయారు చేసింది మా మనవరాలు, పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచింది నేను. ఇంజినీరింగ్ చదువుతున్న పిల్ల. ఏ జత ఎన్ని అడుగులు లాగిందో టేపు పట్టినవాళ్లు అరవగానే ల్యాప్‌టాప్‌లో కొట్టేది. చూసేవాళ్ల ఫోన్లలో పేజీ మళ్లీ తెరవకుండానే ఆ అంకె ఒక్కటే మారిపోయేది.

ఆ పొద్దున నాక్కూడా ఒక కిటుకు చూపించింది. పేజీలో ప్రతి అంకెకూ ఒక పేరుంటుందట. స్క్రిప్టులో ఆ పేరు పెట్టి పిలిచి కొత్త అంకె ఇస్తే, పాతది పోయి ఇది కూర్చుంటుంది. ఇంకా ఏదో చెప్పబోతుంటే నేను టీకి లేచాను.

మా బావకూ నాకూ పందెం. ఓడినవాడు గెలిచినవాడి ఎడ్లను ఊరందరి ముందు కడగాలి. మోకాలి నొప్పితో బావ ఈపూరులోనే ఉండిపోయాడు. ఎడ్లను మాత్రం పంపి, ఫోనులో పేజీ చూస్తున్నాడు. ఆయన జత మూడు వేల రెండొందల అడుగులు లాగింది. నా జత దాన్ని దాటేసింది. లేదు, అబద్ధమెందుకు, నూట పది అడుగులు తక్కువ లాగింది.

మనవరాలు నీళ్లకని వెళ్లింది. నేను ల్యాప్‌టాప్ ముందుకు జరిగి, ఒక్క వేలితో, పొద్దున చూసిన ఆ ఒక్క వరుసా కొట్టాను. నా ఎడ్లు మూడు వేల ఐదొందలు!

వెంటనే ఫోను చేశాను. "ఏం బావా, చూశావా? పీచు కొనుక్కో, నా ఎడ్లను రుద్దాలి."

"ఏందిరా బామ్మర్దీ, ఎండ తగిలిందా? ఇక్కడ నీది మూడు వేల తొంభయ్యే."

"సరిగ్గా చూడు!"

"చానా సరిగ్గానే చూశా. పీచు నువ్వే తెచ్చుకో."

నీళ్ల సీసాతో తిరిగొచ్చిన మనవరాలు తెర చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "తాతయ్యా, ఇట్టా కొడితే మన తెర మీదే మారుద్ది, సర్వర్‌కు పంపితేనే మిగతావాళ్లకూ మారుద్ది. పొద్దున అదే చెప్తుంటే టీకి లేచిపోయింది ఎవరంట?"

మర్నాడు ఈపూరులో పంచె ఎగ్గట్టాను. బావ అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. మనవరాలు అదే పేజీలో కొత్త గడి పెట్టింది: 'తాతయ్య పోసిన బకెట్లు'. నేను పోసినప్పుడల్లా అంకె మారేది, ఈసారి అందరి ఫోన్లలోనూ. వీధి వీధంతా గొంతు కలిపి లెక్కపెట్టింది.

"ఒరేయ్, తోక కింద వదిలేశావు!" అని అరుగు మీద నుంచి బావ కేక.

మొత్తం పాతిక బకెట్లు పోశాను. పేజీలో పద్నాలుగని ఉంది, అదే నిజం. అందులోనూ చివరి రెండూ, కుంటుకుంటూ దిగొచ్చి బావే పోశాడు.