మొదలు దొరకని డబ్బా

మా వీధిలో అందరూ ఆయన్ని అట్టలాయన అనేవాళ్ళు. పుస్తకాలు బైండు చేసే కొట్లో జీవితమంతా పనిచేసి, ఆ కొట్టు మూతపడ్డాక కత్తెర, బరువు రాయి, మడతలు నొక్కే బద్ద ఇంటికి తెచ్చుకున్నాడు. నా పుస్తకాల్లో సగం ఇప్పటికీ ఆయన వేసిన అట్టల్లోనే నిలబడి ఉన్నాయి. భార్య పోయింది, పిల్లలు లేరు. ముందు గదిలో బల్ల, వెనక గదిలో మంచం, దాని వెనక చాప వెడల్పు పెరడు. ఎవరైనా పలకరిస్తే "ఆఁ, ఉన్నాం" అనేవాడు, ఉన్నది ఒక్కడే అయినా.

చలి తగ్గి గాలి మారగానే ఆయనకు రెండు పనులు పడేవి. మొదటిది పెరట్లో తొట్టి తవ్వడం. అందులో వాళ్ళమ్మ పెంచిన ఎర్ర లిల్లీ ఉండేది. తల్లిదుంప చుట్టూ ఏటా పిల్లదుంపలు పుట్టేవి. వాటిలో గట్టిదాన్ని విడదీసి, మట్టి దులిపి, నీడన ఆరబెట్టేవాడు. రెండోది దానికి డబ్బా కట్టడం. అట్ట కోసి డబ్బా చేసి, పైన చుట్టే కాగితం కూడా తనే తయారుచేసేవాడు. మైదా జిగురులో రంగు కలిపి కాగితమంతా పూసి, తడి ఆరకముందే పళ్ళూడిన దువ్వెనతో అలలు లాగేవాడు. టేపంటే ఆయనకు చులకన. "అది దెబ్బకు కట్టే పట్టీ అండీ, పని కాదు" అనేవాడు. పుస్తకానికి అట్ట వేసినట్టే అంచులన్నీ మడిచి అతికించి, రాయి కింద నొక్కి తీస్తే, కాగితం ఎక్కడ మొదలైందో వేలితో తడిమినా దొరికేది కాదు.

ఆ డబ్బా ఊరికి అవతలి కొసన మేడమీద వాటాలో ఉండే అక్కకి. ఆవిడ పుట్టినరోజు ఆ రోజుల్లోనే వస్తుంది. రెండు బస్సులు మారి వెళ్ళి, ముందు గదిలో కూర్చుని టీ తాగి, డబ్బా బల్లమీద పెట్టి వచ్చేసేవాడు. ఇచ్చినవాళ్ళ ఎదుట విప్పకూడదు, ఇచ్చాక ఎలా ఉందని అడగకూడదు అని వాళ్ళమ్మ నేర్పింది. అడిగితే ఇచ్చినట్టు కాదు, వసూలు చేసినట్టు అనేదట. కాబట్టి ఆయన అడగలేదు. అక్క మాత్రం ఏటా "పోయినసారిది ఎంత బావుందోరా తమ్ముడూ" అనేది. వెనక గది బాల్కనీలో అమ్మ లిల్లీలు వరసగా పూస్తున్నట్టు ఊహించుకుంటూ ఆయన తిరుగు బస్సెక్కేవాడు.

ఒక ఏడు చలి ఎక్కువగా ఉందని, తొట్టి మీద కొట్టు నుంచి తెచ్చిన రెక్సిన్ కప్పాడు. పుస్తకాన్ని కాపాడేది మొక్కనూ కాపాడుతుందనుకున్నాడు. లోపల చెమ్మ లోపలే ఉండిపోయింది. ఎండలు వచ్చాయి కానీ మొలక రాలేదు. వేలు పెట్టి చూస్తే మట్టి కింద మెత్తగా తగిలింది. వాసన వచ్చింది. తల్లిదుంపా, పిల్లలూ అన్నీ కుళ్ళిపోయాయి.

ఇక మిగిలింది అక్క దగ్గరున్నవే. ఆ ఏడు చేతిలో డబ్బా లేకుండా వెళ్ళాడు. తరవాత జరిగింది, నా పుస్తకం ఒకటి జిగురు ఆరేలోగా ఆయనే చెప్పాడు.

"అక్కా, నీ లిల్లీల్లోంచి ఒక్క దుంప ఇస్తావా?"

"లిల్లీలేమిట్రా? నా ఇంట్లో తులసాకంత పచ్చన కూడా లేదు."

"నేను ఏటా ఇచ్చినవి."

అక్క ఆయన్ని లోపలి గదిలోకి పిలిచింది. అద్దాల బీరువా తెరిచింది. అన్ని ఏళ్ళ డబ్బాలూ వరసగా ఉన్నాయి. ఒక్కదాని మీదా దుమ్ము లేదు, ఒక్కటీ విప్పలేదు.

"ఎలా విప్పమంటావు? మొదలు కనిపిస్తేగా" అంది. "మీ బావ ఉన్నప్పుడు ఒకసారి కత్తి తెచ్చాడు. నేనే వద్దన్నాను. ఆయన పోయాక ఇంట్లో విప్పాల్సినవంటూ మిగిలింది ఇవేరా. విప్పితే అయిపోతుందిగా."

"అందులో ఉన్నది అమ్మ లిల్లీ అక్కా. డబ్బాకో దుంప."

"నీ దుంప తెగ" అంది అక్క. "నోరు తెరిచి ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎక్కువసేపు నిలవలేదు.

కత్తి ఆయనే పట్టాడు. అంచు వెంబడి, కాగితం చిరక్కుండా కోశాడు. పాత డబ్బాల్లో ఉల్లిపొట్టులాంటి పొరలు, ఊదితే పోయే పొడి. ఒక్కోదాన్నీ అక్క చూసి మూత పెట్టింది. కిందటేడు ఇచ్చినదాంట్లో మాత్రం దుంప సగానికి సగం ముడుచుకుని, ఇంకా గట్టిగా ఉంది. దాని నెత్తిన పాలిపోయిన మొలక ఒకటి గోడ వెంబడి పాకి, మూల దగ్గర వంగి, మళ్ళీ పాకి మళ్ళీ వంగింది. వెలుగు కోసం డబ్బా అంతా తిరిగినట్టుంది. ఆయన ఎక్కడా సందు వదల్లేదు.

పిడి ఊడిన గిన్నెకు మేకుతో చిల్లులు పొడిచి, మెట్ల కింద మట్టి తెచ్చి నాటాడు. కిటికీకి కాస్త ఎడంగా పెట్టాడు.

"నువ్వు తీసుకెళ్ళరా. నాకు మొక్కలు చేతకావు. నువ్వొచ్చింది దీనికోసమేగా."

నిజంగానే దానికోసమే వచ్చాడు. గిన్నె అంచుకు అంటిన మట్టిని వేలితో తుడిచాడు.

"రెండు బస్సులు మారేసరికి ఆ మొలక విరుగుతుంది. ఇక్కడే ఉండనీ."

"బతుకుతుందంటావా?"

"తెలీదు. వెలుగు అలవాటు లేదు దానికి. రోజుకింత జరుపుతూ ఉండు."

అక్క డబ్బాలన్నీ మళ్ళీ బీరువాలో సర్దింది. ఒక్కటి, అన్నిటికంటే పాతది, చేతిలోనే ఉంచుకుంది.

"దీన్ని మాత్రం మళ్ళీ ఎప్పటిలా అతికించి పెట్టరా."

"లోపల ఏమీ లేదక్కా."

"నాకు తెలుసులే."

 ఆయన వంటింట్లోకి వెళ్ళి మైదా ఎక్కడుందో వెతుక్కుని, పొయ్యి వెలిగించి, ఉండ కట్టకుండా కలుపుతూ నిలబడ్డాడు.