ముందుగాల పనిముట్టును అనుమానించాలె

మా ఫిజిక్స్ సార్ పోయారు. ములకలపల్లిలో, తన ఇంటి వాకిట్లో, మంగళవారం పొద్దున పళ్లు తోముకుంటూ పడిపోయారట. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆ ముందటి శనివారమే ఆయన ఖమ్మంలో నా ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఉన్నారు. నేను ఆయన మీద అరిచాను కూడా. కబురు వినగానే నాకు ఏడుపు కన్నా ముందు కోపమే వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ తగ్గలేదు. చదివేవాళ్లు మన్నించాలి.

ఇంటర్లో ఆయన మాకు పాఠం చెప్పారు. ప్రాక్టికల్స్‌లో ఎవరి లెక్క తేడా వచ్చినా ముందు ఆ మీటరును చేతిలోకి తీసుకుని తిప్పి చూసేవారు. "ముందుగాల పనిముట్టును అనుమానించాలె. నిన్ను నువ్వు తర్వాత తిట్టుకో" అనేవారు. చదువులో మొద్దునైన నాకు ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో! దాన్ని పట్టుకునే కంప్యూటర్లు విప్పి బాగుచేయడం నేర్చుకున్నాను. నా సెంటర్ ఆయన పెట్టిన భిక్షే. ఇప్పుడు మాత్రం ఆ మాట తలచుకుంటే ఒళ్లు మండుతోంది.

రిటైరయ్యాక ఆయన ఒక నక్షత్రాన్ని పట్టుకున్నారు. బాగా వేడిగా ఉండే నక్షత్రాల వెలుగులో ఎక్కువ భాగం అతినీలలోహిత కాంతేనట. అది మన కంటికి కనిపించదు. చాలామటుకు నేల మీదికి రానూ రాదు, పైన గాలే ఆపేస్తుంది. అందుకే ఉపగ్రహంలో టెలిస్కోపు పెట్టి అంతరిక్షం నుంచి కొలవాలి. పని ముగించుకున్న ఒక విదేశీ ఉపగ్రహం కొలతలన్నీ ఇంటర్నెట్లో ఎవరైనా తీసుకునేలా పెట్టారు. వాటిలో తన నక్షత్రం వెలుగు మొదటి ఏళ్లకన్నా చివరి ఏళ్లలో కాస్త తగ్గినట్టు సార్‌కు కనిపించింది. ఇంకేం, మూడేళ్ల పాటు శనివారం వస్తే చాలు, ములకలపల్లిలో బస్సెక్కి, కొత్తగూడెంలో మారి, ఖానాపురం హవేలిలోని నా సెంటరుకు రావడమే.

ఆ శనివారాలు! ఇంటర్నెట్‌లోంచి ఒక్క ఫైలు దిగడానికి గంట. ఇక దిగిపోతుందనగా కరెంటు పోయేది. ఫ్లాపీలో ఎక్కించుకుని ఇంటికి వెళ్తే అక్కడి పాత కంప్యూటర్ దాన్ని చదివేది కాదు. మరుసటి వారం మళ్లీ అదే ఫైలు. నేను తల కొట్టుకునేదాన్ని. ఆయన మాత్రం, ఎండాకాలమైతే సంచిలోంచి తునికి పండ్లు తీసి నా టేబుల్ మీద పోసి, "తినమ్మా. జల్దేముంది? చుక్క యాడికి పోతది" అనేవారు.

"చుక్క మసకబారిందని రాసి పంపుండ్రి సార్. సైన్సు పత్రికోళ్లు చూసుకుంటరు" అని ఎన్నిసార్లు పోరానో.

"గట్లెట్ల పంపుతం? ఉపగ్రహంల ఉన్న కన్ను ముసలిదైతే? ఏండ్లు గడిస్తే దానికి గూడ చూపు తగ్గుతది. ఊకె చుక్క మీద నింద ఎయ్యొద్దు."

"మరి ఎట్ల తెలుస్తది?"

"ఎలుగు మారదని తెలిసిన చుక్కలు కొన్ని ఉంటయి. వాటిని గూడ గదే కన్ను చూసింది. అవి గూడ తగ్గినట్టు కనవడితే తప్పు కన్నుది. అవి మంచిగుండి ఇదొక్కటే తగ్గితే, అప్పుడు చుక్కది."

అలా ఒక్కో తెలిసిన చుక్కనూ దించుకుంటూ వచ్చారు.

ఆ చివరి శనివారం ఆయన ముఖం ఉబ్బరించి ఉంది. మెట్లెక్కడానికే ఆయాసపడ్డారు. ఏంది సార్ అంటే, బస్సుల దుమ్ము అన్నారు. "ఇయ్యాల కొంచెం జల్దీ చూడమ్మా" అని కూడా అన్నారు. మూడేళ్లలో ఆయన నోట ఆ మాట వినలేదు. అయినా నాకు తట్టలేదు. తెలిసిన చుక్కల్లో ఆఖరిదాని ఫైలు దిగింది. కాగితం మీద లెక్క చూసుకుని ఆయన నవ్వారు.

"ఇది గూడ గంతే తగ్గింది. మన చుక్క మంచిగనే ఉన్నదమ్మా. పనిముట్టే ముసలిదైంది."

నాకు చిర్రెత్తింది. "మూడేండ్లు తిరిగి ఏం కాలేదని తేల్చిన్రా సార్? దీనికా గింత గోస?" అని అందరి ముందే అరిచాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "అవ్, ఏం కాలేదు. గదే తెల్సుకోవాలె గద" అన్నారు. టీ అయినా ఇప్పించకుండా బస్సుకు పంపేశాను.

పదకొండో రోజున ములకలపల్లి వెళ్లాను. అక్కడి సర్కారు దవాఖానాలో పనిచేసే సిస్టర్ నా పక్కనే కూర్చుంది. పోవడానికి ముందటి శుక్రవారం నాడు సార్ తలనొప్పని ఆమె దగ్గరికి వెళ్లారట.

"బీపీ చూస్తే నాకు భయమైంది మేడం. ఇప్పుడే ఖమ్మం పోయి పెద్ద డాక్టరుకు చూపించుకోండి సార్ అన్న. మెషిన్ పాతదేమో అన్నడు. నా చేతికి కట్టి చూడమన్నడు. నాది మంచిగనే ఉన్నది. దవాఖానల ఊడ్చే ఆయమ్మకు కట్టమన్నడు. ఆమెది గూడ మంచిగనే వచ్చింది. మళ్ల సార్‌కే కట్టిన. ఇంకింత ఎక్కువ వచ్చింది."

అంటే శుక్రవారమే ఆయనకు తెలుసు. మరునాడు ఖమ్మం వచ్చారు కూడా. పెద్ద డాక్టరు నా సెంటరుకు రెండు వీధుల అవతలే ఉంటాడు. ఒక్క మాట చెప్పి ఉంటే చెయ్యి పట్టి లాక్కెళ్లేదాన్ని కదా సార్! ఒక్క చుక్క మిగిలిపోయిందని నోరు మూసుకుని కూర్చుంటారా ఎవరైనా?

"మరి ఏమన్నరు?" అని అడిగాను.

"శానాసేపు దాని దిక్కే చూసిండు. తర్వాత పట్టీ తనే విప్పి, గాలంత తీసి, మంచిగ చుట్టి డబ్బాల పెట్టిండు. 'మెషిన్ మంచిదే బిడ్డా, జాగర్త పెట్టు' అన్నడు. చెప్పులేసుకొని పోయిండు."