తోక వంకర ముంగిస

దయ్యం కథ చెప్పేవాళ్లను నాలుగు ప్రశ్నలు అడిగి నోరు మూయించడం నాకు సరదా. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పే మనిషిని. చచ్చింది తిరిగి రాదని నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. అయినా ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా పెద్దాడబిడ్డను వదినా అని పిలుస్తాను. ఆమె ఇల్లు తుక్కుగూడ దగ్గర, పొలంలో. అటు ఎయిర్‌పోర్టు గోడ, ఇటు రింగు రోడ్డు. మధ్యలో చిక్కుకున్న ముంగిసలు బయటికి పోలేక తమలో తామే జతకడుతున్నాయి. అందుకేనేమో, అక్కడ చాలావాటికి తోక చివర కొక్కెంలా వంకర.

పోయిన ఎండాకాలం అలాంటి వంకర తోక ముంగిస ఒకటి పట్టపగలే తూలుతూ ఆమె వాకిట్లోకి వచ్చింది. ముంగిస కనబడితే శుభమని వదిన గిన్నెలో పాలు పెట్టింది. మనిషిని చూసి పారిపోని ముంగిసకు జబ్బు ఉన్నట్టేనని ఫోన్లో మొత్తుకున్నాను. మర్నాటికి అది చచ్చింది.

పశువుల డాక్టరు రేబిస్ పరీక్షకని తల కోసి ల్యాబుకు పంపించాడు. మొండేన్ని నేనే దగ్గరుండి గుంత తీయించి, సున్నం పోయించి పూడ్పించాను.

"కరిచిందా వదినా?"

"లేదని చెప్పిన గద."

"రిపోర్టు వచ్చేదాక ఆగకు. దవాఖానకు పోయి సూదులు ఏయించుకో."

"ఇంటికి నడిచొచ్చిన లచ్చిమిని పట్టుకొని పిచ్చికుక్క అన్నట్టు మాట్లాడుతున్నవు. సదువుకున్నోళ్లతోని ఇదే లొల్లి."

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఏ మందూ మనిషిని దక్కించలేదు. ఆమె దాస్తోందని నా అనుమానం. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ కొట్లాటకు వెళ్లాను.

అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని ఎల్లిగడ్డలు ఒలుస్తున్నాం. గుంత వైపు నుంచి ఒక ముంగిస వచ్చింది. తొందర లేకుండా మా ఇద్దరి మధ్యలోంచి నడిచి, వదిన కాళ్లను రాసుకుంటూ అరుగు దిగిపోయింది. వంకర తోక.

వదిన కాళ్లు పైకి లాక్కుంది. చీర అంచు జరిగింది. మడమ పైన సగం ఊడిన పసుపు పట్టు, దాని కింద రెండు పంటి గాట్లు.

"నీ నోటికి భయపడి చెప్పలే," అని ఏడ్చింది.

ఆ సాయంత్రమే దవాఖానలో సూదులు మొదలుపెట్టించాను. తర్వాత రిపోర్టు వచ్చింది. రేబిసే. వదిన ఇప్పుడు బాగానే ఉంది.

వచ్చింది దాని తోబుట్టువే అయ్యుంటుందని అందరితో వాదించాను. అరుగు మీద తెల్లటి అడుగులు పడ్డాయి, సున్నం. గుంత పక్కన ఒలికింది తొక్కి ఉంటుందన్నాను. గుంత మీద మట్టి మాత్రం కదల్లేదు.

మొన్న వదిన అడిగింది.

"సరళా, నువ్వు దాని తోక జూసినవు, ఈపు జూసినవు. మొఖం జూసినవా?"

అది నా మోకాలికి జానెడు దూరంలో నడిచింది. తోక గుర్తుంది, వీపు గుర్తుంది, ముందు కాళ్లు గుర్తున్నాయి. ఆ పైన ఏమీ గుర్తు లేదు. ఎందుకు లేదో ఎంత ఆలోచించినా తెలియదు.

చాయ్ పెట్టమని మాట మార్చాను.