లక్షన్నర దుర్భిణి, పదిహేను అడుగుల బుడగ

మదనపల్లె ముక్తియార్‌కు ఈ లోకంలో రెండే రెండు గిట్టవు. ఒకటి, తన తుపాకి వంకర అనే మాట. రెండోది కళ్ళజోడు. బుడగలు పేల్పించే అంగడివాడే అద్దాలు పెట్టుకుంటే జనం నమ్ముతారా అని ఆయన వాదన. అందుకే మూడేళ్ళుగా పదడుగుల అవతలి మనుషులు పొగలో నిలబడ్డట్టు కనిపిస్తున్నా, భార్య గుల్జార్ బీకి కూడా చెప్పకుండా నెట్టుకొస్తున్నాడు.

పుంగనూరు నుంచి కుప్పం దాకా ఏ జాతర జరిగినా ఆయన బుడగల చెక్క ఉండాల్సిందే. ఆ చెక్కకు ముప్పై ఏళ్ళ కిందట మేకులు కొట్టింది ఆయనే. ఏ మేకు ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అంగడికి ఒక కట్టుబాటు కూడా ఉంది. తుపాకి వంకరని ఎవరైనా అంటే, వాళ్ళు చూపిన బుడగను అదే తుపాకితో ఆయన ఒక్క దెబ్బకు పేల్చాలి. తప్పితే ఆ జాతరకు అంగడి మూత. ఈ కట్టుబాటు పెట్టిందీ ఆయనే, కళ్ళు బాగున్న రోజుల్లో.

మొన్న కుప్పం జాతరకు ప్రదీప్ వచ్చాడు. ఊరు శాంతిపురం, ఉద్యోగం బెంగళూరులో. పది గుండ్లు కాల్చి, రెండు బుడగలు పేల్చి మొహం మాడ్చుకున్నాడు.

"తుపాకి వంకర ఉండాది భాయ్. ఉండు, నా తుపాకి తెస్తా."

కారులోంచి తన గాలి తుపాకి తెచ్చాడు. దానిమీద మూరెడు నల్లటి దుర్భిణి బిగించి ఉంది.

"దుర్భిణే లక్షన్నర. తుపాకి వేరే."

"ఆ దుడ్డుకు రెండు పాడి ఆవులొస్తాయి గదప్పా!" అని నోరు తెరిచాడు పక్కన చెరకురసం అమ్మే గంగులప్ప.

ప్రదీప్ కన్ను ఆనించాడు. ఆ దుర్భిణి చేసిన మహానుభావులు దూరాన ఉండే గురి గురించి ఆలోచించారు గానీ, పదిహేను అడుగుల్లో వేలాడే బుడగను లెక్కలోకి తీసుకోలేదు. అందులో బుడగలన్నీ కలిసిపోయి రంగునీళ్ళలా కనిపించాయి. పైగా అది గొట్టం కన్నా రెండంగుళాలు ఎత్తున కూర్చుంది కాబట్టి, గురి పెట్టిన చోటికి కిందే గుండు తగిలింది. ఐదు కాల్చాడు. ఐదూ చెక్కకే.

"ఇంగో దుర్భిణి కొనాల్నేమోప్పా, ఈ దుర్భిణిని సూసేదానికి!" అన్నాడు ముక్తియార్.

అందరూ నవ్వారు. ప్రదీప్‌కు రోషం వచ్చింది.

"అయితే నీ తుపాకితో నువ్వు కొట్టి సూపీ భాయ్. కింది వరస, కుడిపక్క కొసది."

ముక్తియార్ తన తుపాకి అందుకున్నాడు. తప్పితే కుప్పం జాతర పోయినట్టే, పరువు దానితోనే. ఎడమకన్ను మూశాడు. రెండూ మూసినా పెద్ద తేడా ఉండేది కాదు. చేతులు మాత్రం అలవాటైన దారినే వెళ్ళి ఆగాయి. ఠప్‌మంది.

ప్రదీప్ నీరుగారిపోయాడు. "అయితే ఇది దండగేనా భాయ్?"

గెలిచినవాడికి జాలి తొందరగా పుడుతుంది. "ఇట్లియ్యి, సూస్తాం" అంటూ ముక్తియార్ దుర్భిణిని మైదానం అవతలి రోడ్డు వైపు తిప్పాడు. దుర్భిణికి కంటివైపున్న రింగును ప్రదీప్ అటూ ఇటూ తిప్పి సరిచేశాడు. ముక్తియార్‌కు ఊపిరి ఆగినంత పనైంది.

"యా అల్లా! మేకలు! తెల్లవి రెండు, నల్లది ఒకటి! ఎర్రసీర కట్టుకోని ఒకామె పోతాండాది! బస్సు మింద వి.కోట అని రాసుండాది! లచ్చన్నరేంది, మూడు లచ్చలైనా ఇయ్యొచ్చప్పా దీనికి!"

చెక్క పక్కన నిలబడి బుడగలు ఊదుతున్న గుల్జార్ బీ నోట్లోని బుడగ తీసింది.

"ఏం జీ, అవన్నీ నాకు ఉత్త కండ్లకే కనపడతాండాయి గదా?"

"నాకూ కనపడతాండాయే" అన్నాడు గంగులప్ప.

ముక్తియార్ దుర్భిణి దించాడు. "మూడేండ్లాయె" అన్నాడు మెల్లగా.

"మూడేండ్లా! ఆ చెక్క పక్కనే నిలబడి బుడగలు కడతాండా గద నేను! నీ గుడ్డిగుండ్లకు ఎదురుగా!"

ఆ మాటల్లో కోపమెంతో భయమెంతో చెప్పడం కష్టం. ఆమె వచ్చి ఆయన చేతిలోని దుర్భిణి తుపాకిని ప్రదీప్‌కిచ్చేసి, అంగడి తుపాకి తను అందుకుంది.

"బస్టాండు కాడ అద్దాలంగడి ఉండాది. నడువు. నువ్వొచ్చేదాకా ఈడ నేను కూసుంటా."

"ఎవురన్నా తుపాకి వంకరంటే?"

"అననీ. నేను కొడతా."

ముక్తియార్ నడిచాడు. ఇరవై అడుగులైనా వేయకముందే వెనక ఠప్‌మని బుడగ పేలింది. జనం ఈలలు వేశారు. పేల్చింది ఆమేనా అని గిరుక్కున తిరిగి చూశాడు. రంగులు, పొగ తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన అద్దాలంగడి వైపు అడుగుల వేగం పెంచాడు.