ముందు పాతది కరిగించాలి

రెండువేల ఎనిమిది ప్రాంతంలో తిరువూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. నా పై పెదవి మరీ పల్చన. ఫోటోల్లో అసలు ఉన్నట్టే ఉండేది కాదు. ఆ బాధ ఒక్క మనిషికే చెప్పుకున్నాను. ఆమె ఇంటర్‌లో నా పక్క బెంచీ, తర్వాత బస్టాండు దగ్గర బ్యూటీ పార్లరు పెట్టుకుంది.

"హైదరాబాద్ నుంచి డాక్టరుగారు వస్తున్నారే. పెదవి నిండుగా కనపడేలా ఫిల్లర్ అని సూదిమందు వేస్తారు. ఏడాదికి దానంతటదే కరిగిపోద్ది, భయంలేదు," అంది ఒకరోజు.

పార్లరు లోపలి గదిలో వేయించుకున్నాను. సూది పొడిచినాయన ఎవరో, ఏ మందో అడగలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అదే చాలనిపించింది.

కొన్నాళ్లు బాగానే ఉంది. క్లాసుకి వెళ్లేముందు స్టాఫ్‌రూమ్ అద్దంలో ఒకసారి చూసుకునేదాన్ని. ఏడాది దాటాక ఎడమవైపు తగ్గిపోయింది, కుడివైపు బఠాణీ గింజంత గడ్డ మిగిలింది. తగ్గినవైపు ఇంకాస్త వేయిస్తే సరిపోతుందని విజయవాడ వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ వేలితో నొక్కి చూశారు.

"దీనిమీద మళ్లీ వేస్తే ఇంకా వంకరగా కనిపిస్తుందమ్మా. ముందు పాతది కరిగించాలి. కానీ అన్ని రకాలూ కరగవు. ఏం వేశారో కనుక్కుని రండి."

బస్సు దిగి నేరుగా పార్లరుకే వెళ్లాను. ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. దగ్గరికెళ్లి మెల్లగా, "ఆరోజు వేసిన మందు పేరేంటే?" అన్నాను.

ఆమె కత్తెర ఆపలేదు. "ఏ మందండీ? మా దగ్గర అలాంటివి చెయ్యం. బయటెక్కడో వేయించుకొచ్చి నన్నడిగితే ఎలా?"

ఇంటర్ నుంచీ నన్ను 'ఏమే' అని పిలిచే మనిషి 'అండీ' అంది. ఆ ఇద్దరూ నా మూతివంకే చూస్తున్నారు. బయటికి వచ్చేశాను. సాయంత్రం ఫోన్ చేస్తే ఆమె భర్త ఎత్తి, లేదన్నాడు. వెనకనుంచి ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది.

చాలారోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. అది కరగని రకమైతే? "ఉన్నదాన్ని అలాగే ఉంచుకోవే, మళ్లీ సూదులెందుకు?" అంది అమ్మ. కానీ అన్నం తినేటప్పుడల్లా నాలుకకు ఆ గడ్డ తగిలేది, తగిలినప్పుడల్లా పార్లరులో ఆమె అన్న మాట చెవిలో మోగేది. చివరికి మళ్లీ విజయవాడ వెళ్లాను. డాక్టరమ్మ కరిగించే మందు కొంచెం వేసి చూద్దామన్నారు. బాగా మండింది. తెల్లారేసరికి గడ్డ మెత్తబడింది, ఇంకోసారి వేశాక పోయింది. కరిగే రకమే. పార్లరులో అడిగినప్పుడే ఆమె ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే నాకు అన్నాళ్ల భయం ఉండేది కాదు.

"కావాలంటే కొన్ని వారాలాగి కొత్తది వేద్దాం," అన్నారు డాక్టరమ్మ. వద్దన్నాను.

ఆ తర్వాత ఒకసారి కూరగాయల బజారులో ఆమె ఎదురైంది. చుట్టూ తెలిసినవాళ్లెవరూ లేరు. నా ముఖం పరకాయించి చూసి, "పోయిందిగా! ఊరికే కంగారుపడ్డావే," అని నవ్వింది.

సంచి తీసుకుని ఇంటికి వచ్చేశాను. గడ్డ ఉన్నన్నాళ్లూ రాని ఏడుపు ఆరోజు వచ్చింది.