నేను కట్ చేసిన మూడు ఫోన్లు

మా చిన్నప్పుడు... నవ్వకండి, నాకిప్పుడు పంతొమ్మిదే! అయినా ఎనిమిదో తరగతి అంటే చిన్నప్పుడే కదా... ఆన్‌లైన్ క్లాసులో లెక్కల సార్ ఒక్కొక్కరినీ పిలిచి నోటి పరీక్ష పెడుతున్నారు. నా ముందు ఇంకా ఇద్దరే ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది... ఎవరిదో తెలియని నెంబర్.

మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే. ఎత్తితే క్లాసు ఆగిపోతుంది. మధ్యలో పోయినవాళ్లకు సున్నా అని సార్ ముందే చెప్పారు. కట్ చేశాను. మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాను. మూడోసారి సరిగ్గా నా పేరు పిలిచినప్పుడే మోగింది... పళ్లు కొరుక్కుంటూ కట్ చేసి జవాబు చెప్పాను.

వెనక బట్టలు ఉతుకుతున్న అమ్మ కేకేసింది. "ఎవరే ఫోన్ల?"

"రాంగ్ నెంబరమ్మా!"

క్లాసు అయిపోయాక గుర్తొచ్చింది... నాయిన!

మా నాయిన మేస్త్రీ. బహదూర్‌పల్లిలో లేచిన కొత్త ఇళ్లలో సగం ఆయనే కట్టాడని గొప్పలు పోయేదాన్ని. ఆ కరోనా రోజుల్లో ఊపిరందక, దమ్ము ఎక్కువై దవాఖానలో చేరాడు. పోతూ పోతూ ఫోన్ నా చేతిలో పెట్టాడు. "నీకు క్లాసులుంటయ్ బిడ్డా, నువ్వుంచుకో. నేను ఎవరి ఫోన్ అన్న అడిగి జేస్త." మేము గడప దాటకూడదు, పోయి చూసే దారి లేదు.

అంతకు రెండు రోజుల ముందే మా గల్లీ చివర ఉండే తాత పోయాడు. ఆ కబురు కూడా దవాఖాన నుంచి ఫోన్‌లోనే వచ్చింది...

ఆ నెంబర్‌కు తిరిగి చేశాను. స్విచ్ఛాఫ్. పదిసార్లు చేశాను... స్విచ్ఛాఫే. అమ్మకు మాత్రం చెప్పలేదు. అమ్మ కొడుతుందని కాదు, నోటితో చెబితే అదే నిజమైపోతుందేమోనని భయం. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాను.

"ఏమైందే, గట్లున్నవ్?" అని అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టింది. కడుపునొప్పి అన్నాను. ఫోన్ ఒళ్లో పెట్టుకుని మైసమ్మ తల్లికి మొక్కని మొక్కు లేదు.

నాలుగింటికి ఇక ఆగలేక చెప్పేశాను. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. తలుపు పట్టుకుని అక్కడే కూలబడింది.

ఎండ తగ్గాక వాకిట్లో చెప్పుల చప్పుడు... నాయిన! మొహం పీక్కుపోయి, చేతిలో మందుల సంచితో. పొద్దున్నే ఇంటికి పొమ్మన్నారట. పక్క మంచం ఆయన ఫోన్ అడిగి మూడుసార్లు చేస్తే, అంతలో దాని చార్జింగ్ అయిపోయిందట. కూరగాయల బండిలో గండిమైసమ్మ చౌరస్తా దాకా వచ్చి, అక్కడి నుంచి ఆగుతూ ఆగుతూ నడిచాడు, ఆ ఊపిరితో!

"నేనే కట్ జేసిన నాయినా..." అని దూరం నుంచే ఏడ్చాను.

మెట్టు మీద కూర్చుని, దమ్ము తీసుకుని అన్నాడు. "ఎరికే బిడ్డా. నువ్వు కట్ జేస్తుంటే క్లాసు నడుస్తాందని సమజైంది. పక్క మంచమాయనకు గూడ జెప్పిన, మా బిడ్డ సదువుకుంటాందని."

ఇప్పుడు మా ఇంట్లో మనిషికో ఫోన్. నేను డిగ్రీ కాలేజీకే పోతున్నాను. అయినా తెలియని నెంబర్ నుంచి ఫోన్ వస్తే నా అరచేతులకు చెమటలు పడతాయి... ఒక్క ఫోన్‌తో ఇల్లంతా నెట్టుకొచ్చిన రోజులు మీకూ ఉంటే కింద రాయండి, అన్నీ చదువుతాను.

నాయిన మాత్రం ఎంత పనున్నా పగటిపూట నాకు ఫోన్ చేయడు. ఎప్పుడైనా చెయ్యి నాయినా అని ఎన్నిసార్లు చెప్పానో... వినడు.