పెరటి గుంటకు ఎన్ని చేపలు

కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి ఊళ్లో మా అత్తగారిల్లు. బావి దగ్గర ఒలికిన నీళ్లన్నీ చేరేలా పెరట్లో ఒక గుంట తవ్వుకున్నాను. ఆ తడి మీదే నా వంగమొక్కలు, మల్లెలు బతికేవి. ఆ ఏడు మా చంటివాడికి చలిజ్వరం వచ్చి తగ్గింది. దోమలన్నీ నీ గుంటలోనే పుడుతున్నాయి, అమావాస్యకు పూడ్పించేస్తానన్నది అత్త. ఆమె చెప్పింది అబద్ధమేమీ కాదు, నీళ్లనిండా దోమపురుగులే. కానీ నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. బిడ్డా కావాలి, గుంటా కావాలి.

విరుదునగర్‌కు బండి మీద మిరపకాయలు తోలుకుపోయిన మా ఆయన ఒక మాట వినివచ్చాడు, చేపలుంటే దోమపురుగుల్ని తినేస్తాయట. ఎండిపోతున్న చెరువు నుంచి కుండెడు చేపపిల్లల్ని తెచ్చి పోశాను. ఎన్నుంటే అంత మంచిదనుకున్నాను. తెల్లారేసరికి అన్నీ పైకి తేలి, నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. కొన్ని చచ్చాయి కూడా. నా మీద నాకే ఒళ్లు మండింది.

సగం తీసి పొలం బావిలో వదిలాను. మర్నాడూ అదే తంతు. ఇంకొన్ని తీశాను. కోడి కూయగానే గుంట ఒడ్డున కూర్చోవడమే నా పని. పన్నెండు మిగిలాక, పొద్దున ఏదీ పైకి రాలేదు. లెక్క తేలిందని మురిసిపోయాను. పురుగులు తగ్గితేనా! పైగా నీళ్లు పులిసిన వాసన.

అది మా ఇంటి గుణం వల్లే. ఇంట చేరిన జీవానికి పెట్టకుండా మావాళ్లు ముద్ద ఎత్తరు. అత్త మొదలు పాలేరు దాకా అందరూ గుంటలో సంగటి వేస్తున్నారు. కడుపు నిండిన చేపకు పురుగు దేనికి? ఇకమీదట ఎవరూ మెతుకు వేయొద్దన్నాను. అత్త కటికదాన్ని చూసినట్టు చూసింది.

“నోరులేని జీవాలు పస్తుంటే నాకు కూడు దిగునా?” అని కంచం తోసేసింది.

అత్తను పస్తుపెట్టిన కోడలని ఊరంతా అంటుంది. అన్నా సరే, చేపలకు ముద్ద వేయనివ్వలేదు. పులిసిన నీళ్లు తోడేసి కొత్తనీళ్లు పోశాను. ఆ రాత్రి ఆమె ఒట్టి మంచినీళ్లు తాగి పడుకున్నది.

మర్నాడు పొద్దెక్కాక ఆమే వచ్చి గుంట పక్కన కూర్చున్నది. ఒక చేప చటుక్కున తిరిగి పురుగును మింగింది. వెనకే ఇంకొకటి. అత్త చాలాసేపు చూసి, మోకాళ్లు పట్టుకుని లేచింది.

“అవి తినె. నాకూ కూడెయ్యి, అమ్మాయ్” అన్నది.